ఉరితాడుకు సరిపోయిన మెడ

మా ఇంట్లో రెండు భాషలుండేవి. కోపం ఉర్దూలో వచ్చేది, బేరం తెలుగులో నడిచేది. కిరసనాయిలు కోసం పొద్దున్నే రేషన్ షాపు ముందు డబ్బా వరసలో పెట్టి, ఎండ నెత్తికెక్కేదాకా నిలబడి, చివరికి 'స్టాకు అయిపోయింది' అన్న మాట విని తిరిగొచ్చిన రోజున మా నానీమా బుర్ఖా విప్పి దండెం మీద వేస్తూ ఒకే మాట అనేది: 'అంధేర్ నగరీ, చౌపట్ రాజా!' డీలరును పేరు పెట్టి తిట్టేది కాదు. తాసిల్దారును తిట్టేది కాదు. ఆ నాలుగు మాటల్లో అందరూ వచ్చేసేవాళ్లు. అదే వరసలో నిలబడి అట్లాగే ఖాళీ డబ్బాతో వచ్చిన పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీద కూలబడి, 'తిలా పాపం తలా పిడికెడు, బూబమ్మా' అనేది. పిల్లలం మాకు రెండూ ఒకే మాటలాగా వినిపించేవి. ఒకటి వాళ్ల భాషలో, ఒకటి మా భాషలో, అంతే అనుకునేవాళ్లం.

అంతే కాదని ఇన్నేళ్లకు తెలుస్తున్నది. తెలుగు సామెత పాపాన్ని పంచుతుంది. ఊళ్లో ఎవరి చేతిలోనైనా ఒక పిడికెడు పాపం ఉంటుందంటుంది. ఉర్దూ సామెత వెనక ఉన్న కథలో పాపం పంచబడదు. ఒకరి నుంచి ఒకరికి జరుగుతూ జరుగుతూ పోయి, చివరికి ఏ పాపమూ తెలియని ఒక మెడకు చుట్టుకుంటుంది. ఇరవయ్యేళ్లుగా ఈ రెండు భాషల మధ్య వార్తలు మోస్తూ బతుకుతున్న మాకు, ఈ తేడా భాషకు సంబంధించినది మాత్రమే కాదనిపిస్తున్నది. ఈ దేశంలో ముస్లింగా బతకడమంటే ఏమిటన్న ప్రశ్న ఈ సామెత చుట్టూనే తిరుగుతున్నదనిపిస్తున్నది.

ముందు మాటల సంగతి చూద్దాం. సామెత పూర్తి రూపం ఇది: 'అంధేర్ నగరీ చౌపట్ రాజా, టకే సేర్ భాజీ టకే సేర్ ఖాజా.' అంధేర్ అంటే చీకటి. కానీ ఉర్దూలో 'క్యా అంధేర్ హై' అంటే కరెంటు పోయిందని కాదు, ఎంత అన్యాయమని. చీకటికీ అన్యాయానికీ ఒకే మాట వాడిన భాష అది. చౌపట్ అంటే నాలుగు వైపులా తలుపులు తెరుచుకుని ఉన్నది, అడ్డూ ఆపూ లేనిది, చదును అయిపోయినది, అందుకే నాశనమైనది. టకా అంటే ఆ రోజుల్లో రెండు పైసలు. మన 'టంకశాల'లో ఉన్న టంకమే అది. ఉత్తరాది సేరు కిలోకు కాస్త తక్కువ. భాజీ అంటే ఆకుకూర, కూరగాయ. ఖాజా సంగతి కాకినాడవాళ్లకూ తాపేశ్వరంవాళ్లకూ చెప్పనక్కర లేదు. అంటే ఆ ఊళ్లో సేరు తోటకూర రెండు పైసలే, సేరు కాజా రెండు పైసలే. ఆ చీకటి ఊరికి రాజు ఒక చౌపట్ రాజు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 'యథా రాజా తథా ప్రజా' అన్న మాటలో రాజు ముందు, ప్రజలు తర్వాత. రాజు ఎట్లాంటివాడైతే జనం అట్లాంటివాళ్లవుతారని దాని భావం. మా నానీమా సామెతలో ఊరు ముందు, రాజు తర్వాత. చీకటి ఊరికి తగినట్టే రాజు వచ్చాడంటున్నదా, రాజు వల్లనే ఊరు చీకటైందంటున్నదా? సామెత తేల్చి చెప్పదు. చెప్పకపోవడంలోనే దాని బలం ఉంది.

పుట్టుక సంగతికొస్తే, ఈ రాజు కథను అలహాబాదు దగ్గర గంగకు అవతలి ఒడ్డున ఉన్న ఝూసీకి ముడిపెడతారు. అక్కడ హర్‌బోంగ్ అనే రాజు ఉండేవాడని, వాడి రాజ్యంలో అన్నీ ఒకే ధరకు అమ్మేవాళ్లని, చివరికి వాడి కోట తలకిందులైందని జనం చెప్పుకుంటారు. అక్కడి మట్టిదిబ్బను ఇప్పటికీ 'ఉల్టా ఖిలా' అంటారు. ఆ కోట ఎట్లా తలకిందులైందన్న దగ్గర కథ రెండుగా చీలుతుంది. ఒక కథనంలో యోగి కోపం, ఇంకో కథనంలో ఫకీరు దువా. అదే ఝూసీలో షేక్ తఖీ దర్గా ఉంది. కబీరు పేరుతో ముడిపడిన గాథల్లో ఆ షేక్ తఖీ పేరూ వినిపిస్తుంది. అసమర్థ రాజును దించడానికి హిందువులు తమ యోగిని పిలుచుకున్నారు, ముస్లింలు తమ ఫకీరును పిలుచుకున్నారు. రాజును దించాలన్న కోరిక మాత్రం ఇద్దరిదీ. ఈ సామెతకు మతం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నోటి మాటగా తిరుగుతున్న ఈ కథకు నాటక రూపం ఇచ్చినవాడు బనారసుకు చెందిన భారతేందు హరిశ్చంద్ర. 1881లో, అక్కడి నేషనల్ థియేటర్ వాళ్లు ఆడుకోవడానికి 'అంధేర్ నగరీ' అన్న పేరుతో ఆరు రంగాల చిన్న ప్రహసనం రాశాడు. ఆయన గురించి మాలాంటి రెండు భాషల మనుషులు ఒక మాట చెప్పుకోక తప్పదు. హిందీ కోసం గట్టిగా వాదించి, ఉర్దూను వెక్కిరించినవాళ్లలో ఆయనొకడు. అదే మనిషి 'రసా' అన్న తఖల్లుసుతో ఉర్దూలో గజళ్లు రాసుకున్నాడు. మనిషి లోపల రెండు భాషలు కలిసే ఉన్నాయి. బయటి రాజకీయమే వాటిని రెండు వాకిళ్లకు పంపింది. ఆ కాలం మీద మాకు కోపం ఉంది. కానీ ఆయన చెప్పిన కథ మీద లేదు. 34 ఏళ్లకే చనిపోయిన ఆ మనిషి మా బతుకు గురించి మాకన్నా ముందే ఏదో చూశాడనిపిస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే అయినా, మేం దేని గురించి మాట్లాడుతున్నామో తెలియాలి గనక ఇంకోసారి చెప్పుకుందాం.

ఒక గురువు, ఇద్దరు శిష్యులు ఒక ఊరికి వస్తారు. భిక్షకు పోయిన శిష్యుడు గోబర్ధన్ దాస్ బజారులో అన్నీ టకాకు సేరే అని తెలిసి, సంచి నిండా మిఠాయి తెస్తాడు. ఆ బజారులో కబాబులమ్మేవాడూ, శనగలమ్మేవాడూ, నారింజలమ్మే ఆమే, చేపలమ్మే ఆమే అందరూ ఉన్నారు. కులాన్ని అమ్మే బ్రాహ్మడు కూడా ఉన్నాడు. అదీ టకాకు సేరే. గురువుకు భయం వేస్తుంది. తెల్లగా ఉన్నంత మాత్రాన పత్తినీ కర్పూరాన్నీ ఒకటిగా చూసే ఊళ్లో ఉండకూడదంటాడు. శిష్యుడు వినడు. ఇంత చవగ్గా మిఠాయి దొరికే ఊరు వదిలి ఎక్కడికి పోవాలంటాడు. గురువు వెళ్లిపోతాడు. శిష్యుడు మిఠాయి తింటూ లావెక్కుతాడు.

ఒకరోజు రాజు దగ్గరికి ఒక ఫిర్యాదు వస్తుంది. కల్లు అనే కోమటి గోడ కూలి మా మేక చచ్చిపోయింది, న్యాయం చేయండి అని. రాజు 'గోడను పట్టుకు రండి' అంటాడు. గోడ రాదని తెలిశాక కోమటిని తెస్తారు. గోడ నాదే, కట్టినవాడు మేస్త్రీ అంటాడు కోమటి. మేస్త్రీ వచ్చి, సున్నం మంచిది కాదంటాడు. సున్నంవాడు వచ్చి, భిష్తీ నీళ్లెక్కువ పోశాడంటాడు. భిష్తీ వచ్చి, కసాయి కుట్టిచ్చిన తోలుతిత్తి మరీ పెద్దదంటాడు. కసాయి వచ్చి, గొల్లవాడు మరీ పెద్ద గొర్రెను అమ్మాడంటాడు. గొల్లవాడు వచ్చి, కొత్వాల్ గారి సవారీ పోతుంటే ఆ హడావుడిలో గొర్రె సైజు చూసుకోలేదంటాడు. కొత్వాలుకు ఉరి. తీరా చూస్తే ఉరితాడు ముడి పెద్దది, కొత్వాలు సన్నటివాడు. మేక చచ్చింది గనక ఎవరో ఒకరికి శిక్ష పడాలి, లేకపోతే న్యాయం జరిగినట్టు కాదు. అందుకని లావుపాటి మనిషి కోసం వెదుకుతారు. మిఠాయి తిని లావెక్కిన గోబర్ధన్ దాస్ దొరుకుతాడు.

పిల్లలుగా విన్నప్పుడు మేం ఇక్కడ పడీ పడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వు రాదు.

చాలామంది ఈ సామెతను ధరల గురించిన మాటగానో, తెలివి తక్కువ పాలకుడి గురించిన వెక్కిరింతగానో వాడతారు. పత్రికల్లో సంపాదకీయం రాసేవాళ్లకు ఇది తేలిగ్గా చేతికందే మాట. కానీ మొదటి సగానికీ చివరి ఉరికీ ఉన్న సంబంధం ఏమిటని అడిగేవాళ్లు తక్కువ. కూరగాయా కాజా ఒకే ధరకు అమ్మితే వచ్చే నష్టం ఏమిటి? చవగ్గా దొరికితే బీదవాడికి మంచిదే కదా? అందరికీ ఒకే ధర అంటే సమానత్వమే కదా?

కాదు. సమానత్వం వేరు, చదును చేయడం వేరు. ఇద్దరు మనుషులు సమానమంటే, ఇద్దరి మాటనూ ఒకే శ్రద్ధతో వినాలని. ఒక్కొక్కరి కష్టం ఏమిటో, నేరం ఏమిటో విడివిడిగా తూచాలని. చదును చేయడమంటే, తూచే పని మానేయడం. ఏది ఏదో చూడాల్సిన అవసరం లేదనుకోవడం. చౌపట్ అన్న మాటలో ఉన్న చదును ఇదే. కూరకూ కాజాకూ తేడా చూడనివాడు నేరస్తుడికీ దారిన పోయేవాడికీ తేడా చూడడు. ధర ఒకటైన చోట మెడా ఒకటే. ఈ మెడ కాకపోతే ఆ మెడ. గురువు బజారును చూసి భయపడ్డది అందుకే. అతనికి ఆ మిఠాయిలోనే ఉరితాడు కనిపించింది.

అసమర్థ నాయకత్వమంటే తెలివి లేకపోవడం కాదని ఈ కథ చెబుతున్నది. ఆ రాజు చాలా చురుకైనవాడు. ఫిర్యాదు వింటాడు, వెంటనే సాక్షులను పిలిపిస్తాడు, ఒక్కపూటలో తీర్పు చెబుతాడు. అతని దర్బారులో కేసులు ఏళ్ల తరబడి నలగవు. లేనిది ఒక్కటే: తేడా తెలుసుకోవాలన్న పట్టుదల. 'ఎవరు చేశారు?' అన్న ప్రశ్నతో మొదలైన విచారణ, మధ్యలో ఎక్కడో 'ఎవరికి సరిపోతుంది?' అన్న ప్రశ్నగా మారిపోయింది. ఆ మార్పును దర్బారులో ఎవరూ గమనించలేదు.

ఆ వరసలో ఉన్నవాళ్లను ఇంకోసారి చూడండి. మేస్త్రీ, సున్నంవాడు, భిష్తీ, కసాయి, గొల్లవాడు. అందరూ చేతులతో పనిచేసేవాళ్లు. భిష్తీ, కసాయి మావాళ్లు. నెత్తిన బరువు పడ్డ ప్రతివాడూ తన కింద ఇంకెవడున్నాడా అని చూసుకుంటున్నాడు. పైకి పోవడానికి ఎవడికీ ధైర్యం లేదు. గొల్లవాడొక్కడే పైకి చూశాడు, కొత్వాలు పేరు చెప్పాడు. అధికారం దగ్గరికి నేరం చేరగానే ఏమైంది? ఉరితాడు సైజు అడ్డొచ్చింది! ఇది భారతేందు వేసిన జోకు కాదు. ఇది పరిపాలన నడిచే పద్ధతి.

ఈ పద్ధతి 1881తో ఆగిపోలేదు. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది చనిపోయారు. చచ్చిందీ నమాజుకు వచ్చినవాళ్లే. ఆ తర్వాతి నెలల్లో అనుమానం మీద పోలీసులు పట్టుకెళ్లిందీ ముస్లిం కుర్రవాళ్లనే. కుట్ర కేసులు పెట్టారు, జైల్లో ఉంచారు. తర్వాత కోర్టు వాళ్లు నిర్దోషులని వదిలింది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదన్నది. పేలుడు కేసులో వేరే నిందితుల మీద విచారణ నడిచింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణకు నిలబడ్డ ఆ ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. కథలో చచ్చింది మేక. మన ఊళ్లో చచ్చింది మనుషులు. పదకొండేళ్ల తర్వాత కూడా గోడ ఎట్లా కూలిందో ఆ తీర్పు తర్వాత ఎవరికీ తెలియలేదు.

అంతకు ముందు టాడా ఉండేది. 1985లో వచ్చి, 1995లో గడువు తీరిపోయింది. పోలీసు అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలును కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చన్న చట్టం అది. తాడు ముందు పేని, మెడను తర్వాత వెదుక్కునే వీలు కల్పించే చట్టాలు వస్తాయి, పోతాయి. పేర్లు మారతాయి. అవి పోయాక కూడా ఆ అలవాటు మనుషుల బుర్రల్లో ఉండిపోతుంది.

ఇక్కడ మా సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు మాకు లేదు. పేలుళ్లూ అరెస్టులూ రోజూ వార్తలైన ఆ కాలంలో మేం ఒక తెలుగు పత్రిక డెస్కులో కొత్తగా చేరి పనిచేస్తున్నాం. ఒక రాత్రి పోలీసుల నుంచి వచ్చిన నోటును పావుగంటలో వార్త చేశాం. అరెస్టయిన కుర్రవాడి పేరు ముందు 'అనుమానిత' అన్న మాట ఉంది. శీర్షికలో పట్టలేదు. తీసేశాం. 'ఉగ్రవాది' మిగిలింది. తీసింది మేమే. ఉర్దూ తెలిసినవాడని ఆ కుర్రవాడి పేరు తప్పు లేకుండా రాసే పని మాకప్పగించారు. పేరు తప్పు లేకుండా రాశాం. పేరు ముందు మాట మాత్రం తప్పు రాశాం. తెల్లవారి మా గల్లీలో చాయ్ తాగుతుంటే ఒక పెద్దాయన ఉర్దూ పత్రికలో అదే వార్త చదువుతున్నాడు. అందులో ఆ కుర్రవాడు 'మాసూమ్ నౌజవాన్', అమాయక యువకుడు. ఒకే రాత్రి, ఒకే మనిషి. ఒక భాషలో నేరం రుజువైపోయింది, ఇంకో భాషలో నిర్దోషిత్వం రుజువైపోయింది. విచారణ మాత్రం ఏ భాషలోనూ మొదలు కాలేదు. ఆ కుర్రవాణ్ణి కోర్టు వదిలేసినప్పుడు లోపలి పేజీలో రెండు లైన్లు వచ్చాయి. ఆ రెండు లైన్లు కూడా మేమే రాశాం. మేస్త్రీ, సున్నంవాడు, భిష్తీ, కసాయి వరసలో ఒక విలేకరి కూడా ఉన్నాడని అప్పుడు తెలిసింది. పక్కింటి పెద్దమ్మ చెప్పిన పిడికెడు మా చేతిలో ఉంది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ముస్లిం పాఠకులకు హాయిగా ఉంటుంది. లౌకికవాద మిత్రులు తలూపుతారు. కానీ సామెత అక్కడ ఆగనివ్వదు. చౌపట్ రాజులు ఢిల్లీలోనూ రాష్ట్ర రాజధానుల్లోనూ మాత్రమే ఉంటారా? మా ఖయాదత్, మా నాయకత్వం అని మేం చెప్పుకునేవాళ్ల సంగతేమిటి?

1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు షాబానో కేసులో తీర్పు చెప్పింది. ఇండోరుకు చెందిన ఆమెకు భర్త విడాకులిచ్చేనాటికి 62 ఏళ్లు. ఐదుగురు పిల్లల తల్లి. ఆమెకు దక్కిన మనోవర్తి నెలకు 179 రూపాయల 20 పైసలు. ఈ మొత్తం మీద దేశమంతా ఊరేగింపులు తీశారు. మజ్‌హబ్ ప్రమాదంలో పడిందన్నారు. చివరికి ఆమే ముందుకొచ్చి ఆ తీర్పు తనకు వద్దని చెప్పాల్సి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం తీర్పును పక్కన పెట్టే చట్టం 1986లో తెచ్చింది. ఆ చట్టం రాకముందే, అదే ఏడాది ఫిబ్రవరి 1న బాబ్రీ మసీదు తాళాలు తెరిపించారు. ఇటు వీళ్లకొకటి, అటు వాళ్లకొకటి. టకే సేర్ భాజీ, టకే సేర్ ఖాజా! ఒక ముసలామె తిండి ఖర్చూ, నాలుగు వందల ఏళ్లు దాటిన మసీదు భవిష్యత్తూ ఒకే తక్కెడలో తూచారు. తూచినవాడు రాజే. కానీ తక్కెడ దగ్గరికి సరుకు మోసుకుపోయినవాళ్లలో మా పెద్దలూ ఉన్నారు. సమాజం పరువు అన్న ఉరితాడు ఒకటి తయారైంది. అది ఏ పెద్దమనిషి మెడకూ సరిపోలేదు. ఇండోరులోని ఒక వృద్ధురాలి మెడకు సరిపోయింది. 2001లో సుప్రీంకోర్టే ఆ చట్టానికి అర్థం చెబుతూ, విడాకులు పొందిన స్త్రీ ముందు బతుకుకు కూడా భర్త తగిన ఏర్పాటు చేయాలన్నది. ఆ మాట అనడానికి పదహారేళ్లు పట్టింది. ఈ పదహారేళ్లలో మా నాయకత్వం నేర్చుకున్నదేమిటో అడిగే హక్కు మా ఇంటి ఆడవాళ్లకుంది.

ఇంకొకటి. 'ముసల్మానులంతా ఒకటే' అన్న మాట మేం రెండు వైపుల నుంచీ వింటాం. అనుమానించేవాడు అంటాడు, ఓటు అడిగేవాడూ అంటాడు. మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడే మాట నిజమే. అది మా ధర్మం, మా గర్వం. కానీ సఫ్ నుంచి బయటికొచ్చాక దూది ఏకే దూదేకులాయన పిల్లవాడి బతుకూ, దేవిడీ ఉన్న నవాబు గారి మనవడి బతుకూ ఒకటేనా? ఇక్కడ కూడా తూచే పని మానేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ల చట్టం ముస్లింలలోని 14 సమూహాలను పేరు పెట్టి చెప్పింది. అందులో కసాయి పని చేసే ఖురేషీలున్నారు, మంగలి పని చేసే హజాములున్నారు, ఫకీరులున్నారు. మాలో పనివాళ్లున్నారని, వాళ్ల వెనకబాటు వేరని కాగితం మీద రాయడానికి అన్నేళ్లు పట్టింది. కథలో కసాయి దర్బారుకు ముద్దాయిగానే వచ్చాడు. మా నాయకుల దర్బారుకు అతను ఓటుగానే వచ్చాడు. మనిషిగా ఎప్పుడొచ్చాడు?

మరి శిష్యుడు ఎవరు? చవక మిఠాయి తిని లావెక్కిన గోబర్ధన్ దాసు ఎవరు? ఏటా రంజానులో ఇఫ్తారు విందుకు టోపీ పెట్టుకొచ్చిన మంత్రి పక్కన కూర్చుని ఫొటో దిగి, ఆ ఏడాదికి అది చాలనుకున్న మేమందరం. బడి అడగాల్సిన చోట షాదీఖానా అడిగాం. ఉద్యోగం అడగాల్సిన చోట ఒక కమిటీలో సభ్యత్వం అడిగాం. చవగ్గా దొరికింది గనక తీసుకున్నాం. ఎందుకంత చవగ్గా ఇస్తున్నారని అడగలేదు. శిష్యుడి తప్పు అతణ్ణి ఉరికి తగినవాణ్ణి చేయదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. మిఠాయి తినడం నేరం కాదు. కానీ గురువు హెచ్చరించినప్పుడు నవ్వినందుకు తనను తాను ప్రశ్నించుకోవాల్సిన బాధ్యత అతనికుంది, మాకూ ఉంది.

కథ ముగింపు అందరికీ ఇష్టం. గురువు వచ్చి శిష్యుడి చెవిలో ఏదో చెబుతాడు. వెంటనే ఇద్దరూ 'నేనెక్కుతా, నేనెక్కుతా' అని ఉరికంబం కోసం పోట్లాడుకుంటారు. ఈ ఘడియలో చచ్చినవాడు నేరుగా స్వర్గానికి పోతాడంటాడు గురువు. మంత్రి ఎగబడతాడు, కొత్వాలు ఎగబడతాడు. రాజుండగా మీరెవరని రాజే ఉరికంబం ఎక్కుతాడు. చప్పట్లు. తెర.

మేం కూడా ఎన్నోసార్లు చప్పట్లు కొట్టాం. కానీ మేక పోయినవాడు ఏమయ్యాడు? ఇంటికి ఖాళీ చేతులతో పోయాడు. కూలిన గోడ ఎందుకు కూలిందో ఎవరూ చూడలేదు. రేపు ఇంకో గోడ కూలుతుంది. రాజు మారాడు, కొత్వాలు అక్కడే ఉన్నాడు, తాడు అక్కడే ఉంది. తెలివైన గురువు ఉన్న శిష్యుడు బయటపడ్డాడు. గురువు లేనివాడి గతేమిటి? ఉపాయం ఒక మనిషిని కాపాడుతుంది. ఊరిని కాపాడాలంటే న్యాయం కావాలి. ఈ తేడా మరిచిపోయిన ప్రజలకు రాజు చచ్చిన రోజు పండగే అవుతుంది గానీ, చీకటి పోదు.

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్పాలనుకుంటున్నాం. మా కుర్రవాళ్ల బదులు ఇంకెవరినో పట్టుకున్నారని తెలిసిన రోజున మాలో కొందరు సంతోషించారు. ఆ సంతోషం మాకూ కలగలేదని అబద్ధం చెప్పం. కానీ అది కూడా ఆ దర్బారు సంతోషమే. తాడు మా మెడ నుంచి జారి ఇంకో మెడకు పోవడం మేం అడుగుతున్న న్యాయం కాదు. సాక్ష్యం ఉంటే ఎవరికైనా శిక్ష పడాలి, లేకపోతే ఎవరికీ పడకూడదు. మాకు ఇంకో మెడ వద్దు. గోడ ఎట్లా కూలిందో చెప్పండి. మేక పోయినవాడికి జవాబివ్వండి. మమ్మల్ని ఒకే ధరకు తూచకండి. మా నాయకులారా, మీరూ తూచకండి.

మా నానీమాకు ఇంకో సామెత ఉండేది. కోపం చల్లారాక, పొయ్యి మీద చాయ్ పెట్టి అనేది: 'ఖుదా కే ఘర్ దేర్ హై, అంధేర్ నహీ.' దేవుడి ఇంట్లో ఆలస్యం ఉంటుంది గానీ అన్యాయం ఉండదని. రెండు సామెతల్లోనూ అదే అంధేర్. మొదటిది మనుషుల ఊరి గురించి, రెండోది దేవుడి ఇంటి గురించి. ఆ రెంటి మధ్య నిలబడి ఆమె ఓపిక పట్టింది. మాకు ఆమెంత ఓపిక లేదు. దేవుడి ఇంటి ఆలస్యం దేవుడి ఇష్టం. మనుషుల కచేరీలో మాత్రం ఆలస్యమే అంధేర్. జైల్లో పోయిన ఏళ్లు, పత్రిక శీర్షికలో పోయిన పేరు తిరిగి రావు. మేం తీసేసిన ఆ ఒక్క మాటను మేమే తిరిగి పెట్టుకోవాలి. ఎవరి పేరు రాసినా, ముందు ఆ మాట రాసి, రుజువయ్యేదాకా చెరపకుండా ఉండాలి. చీకటి ఊళ్లో మా వంతు దీపం ఇంతే. అది వెలిగించకుండా రాజును తిట్టే హక్కు మాకెక్కడిది?